తడి ఆరనివ్వకు

తడి ఆరనివ్వకు, అనేసి పోయాడు పెద్దసారు. పొద్దున్నే గట్టు మీద నిలబడి, గుంటలోకి దిగకుండా, టీ గ్లాసు చేత్తో పట్టుకుని అన్న మాట అది. పోయిన మనిషి మళ్లీ ఇటు తొంగి చూస్తే ఒట్టు. ఇప్పుడు పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆమె ఇంకా ఆ నలుచదరపు గుంటలోనే గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో నీళ్లు చిమ్మే సీసా, ముందు పగిలిన కుండ, కుండలో బిడ్డ. చిమ్మడం, చూస్తూ ఉండడం, చూస్తుండగానే ఆరిపోవడం, మళ్లీ చిమ్మడం. పురావస్తు తవ్వకానికి వచ్చిన మిగతా కాలేజీ పిల్లలంతా రేకుల పాక కింద భోజనాలకు కూర్చున్నారు. గిన్నెల చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. ఎవరో పగలబడి నవ్వుతున్నారు. నవ్వండి నవ్వండి, మీకేం, మీ నెత్తిన రేకుంది. నా నెత్తిన ఏముంది, ఈ టోపీ, దీని అంచు చెమటకు నాని నాని చెవుల మీదకు వేలాడుతోంది. నా సంగతి సరే, నేను ఒప్పుకుని వచ్చినదాన్ని. ఈ బిడ్డ ఏం ఒప్పుకుంది? ఆడో మగో ఈ వయసు ఎముకల్లో తెలియదని ఈ గుంట పని చూసే అక్క చెప్పింది, ఏదైతేనేం, బిడ్డ బిడ్డే. వేలెడంత తొడ ఎముక, గుడ్డు పెంకు లాంటి నెత్తి, దాని మీద ఈ ఎండ. ఎండా ఇది? ఎవరో పైన కూర్చుని కొలిమి ఊదుతున్నట్టుంది. నాలుగు వైపులా గుంట గోడలు వేడి కక్కుతున్నాయి. గాలి ఇక్కడికి దిగదు, దిగినా దుమ్ము మోసుకొస్తుంది. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే మాట వరసకు అంటారనుకునేది, ఇవాళ తెలిసింది, నిజంగానే ఎక్కుతుంది, మోకాళ్ల దగ్గర కాసేపు ఆగి మరీ ఎక్కుతుంది.

నిన్నటిదాకా ఈ గుంట మీద నీడగుడ్డ ఉండేది. గుంజలకు కట్టిన పాత పచ్చగుడ్డ, చిరుగులున్నా నీడ నీడే. దాన్ని పొద్దున విప్పించాడు. విప్పి ఎక్కడ కట్టించాడయ్యా అంటే, అదిగో, ఆ కుర్చీల మీద. ఖాళీ కుర్చీలు. వాటిలో కూర్చోవాల్సిన పెద్దమనిషి ఇంకా బయల్దేరాడో లేదో కూడా తెలియదు, కుర్చీలు మాత్రం నీడపట్టున చల్లగా ఉన్నాయి. తవ్వకానికి నిధులిచ్చే సంస్థ పెద్ద ఆయన. చూడ్డానికి వస్తున్నాడు. ఊరికే చూసి పోతే ఎవరికీ బాధ లేదు. ఆయన చేత కనిపెట్టించాలట! పెద్దసారు వాడిన మాటే అది, కనిపెట్టించాలి. అందుకేగా ఈ పళ్లెం, పళ్లెంలో ఈ మట్టి. మెత్తగా పిండిలా జల్లించిన మట్టి. దూరాన రోడ్డు మీద కారు దుమ్ము లేస్తే పైన ఎవరో ఒకరు ఈల వేస్తారు, ఆమె ఈ మట్టిని బిడ్డ మీద చల్లి, ఏమీ ఎరగనట్టు గుంటలోంచి ఎక్కి పక్కన నిలబడాలి. పెద్దమనిషి దిగుతాడు. కొత్త కుంచె చేతికిస్తారు. అటో రెండు ఊపులు, ఇటో రెండు ఊపులు, మట్టి జరుగుతుంది, బిడ్డ కనిపిస్తుంది, ఫోటో. అబ్బ, ఎంత అదృష్టం సార్ మీది, వచ్చీ రాగానే దొరికింది, అంటాడు పెద్దసారు. అందరూ చప్పట్లు కొట్టాలి కాబోలు. సమాధి ముందు చప్పట్లు. మీ ఇళ్లల్లో ఎవరైనా పోతే ఇలాగే చప్పట్లు కొడతారా అని అడగాలనిపించింది పొద్దున. నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఎప్పుడూ అక్కడే ఆగుతుంది, దిక్కుమాలిన నాలుక.

అవును, ఒక సంగతి తేల్చుకోవాలి. నాకు ఒళ్లు మండేది పేరు కోసమా? పేరుదేముంది, ఎవరి పేరు రాసుకుంటే ఏం, అని నిన్న రాత్రి పక్కమంచం పిల్లతో అంది. అబద్ధం. పేరు కూడా కావాలి. ఎందుకక్కర్లేదు? కుండ అంచు కనిపించిన దగ్గర్నుంచి చీకటి పడేదాకా వెదురు పుల్లతో గీకింది ఎవరు? ఉక్కు పరికరం తగిలితే చెక్కుకుపోతుందని పుల్లను నోటితో తడిపి తడిపి మెత్తబరిచి, ఊపిరి గట్టిగా వదిలితే పక్కటెముక కదులుతుందేమోనని ముఖం పక్కకు తిప్పుకుని ఊపిరి వదిలింది ఎవరు? పక్క గుంటలోంచి పొడుగు వచ్చి మెడ సాచి చూశాడు. వాణ్ని పొడుగు అనే పిలుస్తారు, మంచం పట్టదు, కాళ్లు బయటికి పెట్టుకుని నిద్రపోతాడు. "ఏంటే ఎలుకా, అంత మురిసిపోతున్నావ్? కోడి ఎముకలవి. పూర్వం ఎవడో కుండతో సహా కోడిని లాగించి పడుకున్నాడు" అన్నాడు. ఎలుక అంటే ఆమెనే. వచ్చిన కొత్తలో మూలనున్న చిన్న గుంటలోకి దూరి సాయంత్రం పిలిచేదాకా బయటికి రాలేదని పెట్టిన పేరు, ఇప్పుడు అక్క కూడా అలాగే పిలుస్తోంది. కోడికి దవడలో పళ్లుంటాయట్రా పొడుగూ, అని ఆమె పుల్లతో చూపించింది. పాల పళ్లు. ఇంకా పైకి రాలేదు, దవడ ఎముక లోపలే ఉన్నాయి, బియ్యపు నూకల్లా, వరసగా, పైకి రావడానికి సిద్ధంగా. పొడుగు నవ్వు ఆగిపోయింది. వాడు టోపీ తీశాడు. ఎవరూ తియ్యమనలేదు. వెధవ, నోరు పెద్దదే కానీ మనిషి మంచివాడు.

మళ్లీ ఆరిపోయింది. చిమ్ము. నీళ్లు పడగానే ఎముక ముదురు తేనె రంగులోకి వస్తుంది, అందంగానే ఉంటుంది, ఆ అందం కోసమే ఈ తంటా అంతా. ఆరితే సున్నం కొట్టినట్టు తెల్లబోతుంది, మట్టికీ ఎముకకూ తేడా తెలియదు, ఫోటోలో తేలదు. తడి ఆరనివ్వకు అంటే బిడ్డ మీద దయ అనుకునేరు, ఫోటో మీద దయ. ఆమె ముందుకు వంగి తన నీడ కుండ మీద పడేలా సర్దుకుంది. మిట్టమధ్యాహ్నం మనిషికి నీడ ఎంత ఉంటుంది, కాళ్ల కింద చాపముక్కంత. నడుము పట్టేసింది. నడుము సంగతి ఇంట్లో బాబాయికి చెబితే ఎగిరి గంతేస్తాడు, నేను ముందే చెప్పలా అంటాడు. "మట్టి తవ్వుకోడానికి కాలేజీ దేనికే? పార కొనిస్తా, పెరట్లో తవ్వు, కనీసం మొక్కలన్నా నాటుకుందాం." అందరూ నవ్వారు, అమ్మ తప్ప. అమ్మ కంచం ముందు నుంచి తలెత్తి, "నువ్వు తవ్వినప్పుడు ఏం దొరికిందిలే మరిదీ, దాన్ని తవ్వనీ" అంది. బాబాయి బావి తవ్విస్తే నీళ్లు పడలేదు, ఆ సంగతి ఎత్తితే ఆయన నోరు కట్టేసినట్టే. అమ్మ ఎక్కువ మాట్లాడదు, మాట్లాడితే అంతే, సూది గుచ్చినట్టు.

అమ్మ ఇక్కడుంటే ఏం చేసేది? తెలుసు ఏం చేసేదో. తెలుసు కాబట్టే అమ్మను తలుచుకోకూడదని పొద్దుట్నుంచీ అటూ ఇటూ ఆలోచనలు మళ్లిస్తోంది, బస చేసిన బడి గదిలో స్నానాల వరసలో ఎవరు ముందు అన్న గొడవ, కుండ పెంకులు కడిగి కడిగి అరిగిపోయిన గోళ్లు, ఇసక చేరిన పక్కబట్టలు, ఏదో ఒకటి. అయినా మనసు అక్కడికే పోతోంది. ఆసుపత్రి కాన్పుల వార్డు, పొడుగాటి వరండా, ఫినాయిలు వాసన, అమ్మ నీలం చీర, ఆయా పని. చిన్నప్పుడు బడి వదిలాక ఆమె అక్కడికే పోయి మెట్ల మీద కూర్చునేది. ఆ రోజు ఏం జరిగిందో కళ్లారా చూడలేదు, తర్వాత నర్సులు చెప్పుకుంటుంటే విన్నది. చనిపోయి పుట్టిన బిడ్డను రేకు పళ్లెంలో పెట్టి కిటికీ పక్కన ఉంచారట. డాక్టరుగారు తర్వాత వచ్చి చూస్తారు, విద్యార్థులకు చూపించాలి, అలాగే ఉంచండి అన్నారట. మధ్యాహ్నం అయింది, కిటికీ ఎండ పళ్లెం మీదకు వచ్చింది, డాక్టరుగారు రాలేదు. అమ్మ తువ్వాలు తెచ్చి బిడ్డను చుట్టింది. కాళ్లు లోపలికి, చేతులు రొమ్ము మీదకు, బతికిన బిడ్డను చుట్టినట్టే. తీసుకెళ్లి లోపలి గదిలో చల్లటి చోట పడుకోబెట్టింది. ఎవరు కదపమన్నారు నిన్ను, అని డాక్టరు గుడ్లురిమాడట. "దానికెవరూ లేరా అండీ, అందరూ చూసిపోడానికి?" అందట అమ్మ. అంతే. మర్నాటి నుంచి అమ్మను వార్డులోంచి తీసి బట్టలు ఉతికే చోట వేశారు. ఆవిరి, సోడా, చేతులు పాలిపోయి పుండ్లు పడేవి. ఎందుకమ్మా నీకా గొడవ అని ఆమె ఏడిస్తే, "బట్టలు మంచివే తల్లీ, ఎదురు మాట్లాడవు" అని నవ్వింది. ఎప్పుడూ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. బాధపడిందో లేదో కూడా తెలియదు.

నేనయితే ఏం చేస్తున్నాను? పళ్లెం పక్కన కూర్చుని నీళ్లు చల్లుతున్నాను. భలే కూతుర్ని. అదేమంటే సర్టిఫికెట్. ఈ తవ్వకంలో పనిచేసినట్టు పెద్దసారు సంతకం పెడితేనే వచ్చే ఏడు పైచదువులో సీటు, సంతకం లేకపోతే బాబాయి పార కొనిస్తాడు. అక్కదీ అదే కథ. అక్క అంటే సొంత అక్క కాదు, ఈ గుంట బాధ్యత ఆవిడది, పరిశోధన చేస్తోంది, ఏళ్ల తరబడి చేస్తోంది, పాపం. పొద్దున కొలతలన్నీ తీసింది, బొమ్మ గీసింది, అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసింది, ఇక మిగిలింది ఎత్తడమే, చల్లటి పూట ఎత్తేస్తే పోయేది. "అక్కా, ఎత్తేద్దామక్కా, ఎండెక్కితే పగుళ్లిస్తుంది." "నాకు తెలీదా ఎలుకా?" "మరి?" అక్క పెన్సిలు చెక్కుకుంటూ కూర్చుంది, ములుకు మిగలకుండా పోయేదాకా చెక్కింది. "నా పరిశోధన పుస్తకం ఆయన బల్ల మీద ఉంది. ఆయన చదవాలి, బాగుందనాలి. నా పెళ్లీ పెటాకులూ అన్నీ ఆ బల్ల మీదే ఉన్నాయనుకో. ఒక్క పూటే కదమ్మా, సర్దుకుపో." అని లేచి వెళ్లింది, వెళ్తూ వెళ్తూ తన నీళ్ల సీసా ఇక్కడ పెట్టి వెళ్లింది. ఆ మంచితనమే ఎక్కువ మండించింది. తిట్టేవాళ్లను తిట్టొచ్చు, ఇలాంటివాళ్లను ఏం చెయ్యాలి?

వాళ్లు నయం. ఎవరో, ఏ కాలంలోనో, ఈ బిడ్డను తెచ్చి ఇక్కడ పెట్టినవాళ్లు. కుండ చూస్తే తెలుస్తోంది. సమాధి కోసం చేయించిన కుండ కాదు, ఇంట్లో వాడిన కుండ, అడుగున మసి, ఒక పక్క చేతులు పట్టుకుని పట్టుకుని నున్నబడిన చోటు. గింజలు దాచుకున్నారో, నీళ్లు కాచుకున్నారో. మూతి ఇరుకు, బిడ్డ పట్టదు. అందుకని భుజం దగ్గర జాగ్రత్తగా పగలగొట్టారు. పగలగొట్టి, బిడ్డను మోకాళ్లు మడిచి లోపల పడుకోబెట్టి, ఆ పగిలిన ముక్కనే మళ్లీ దాని చోట పెట్టారు. సరిగ్గా అతికేలా పెట్టారు. నిన్న ఆమె ఆ ముక్క ఎత్తినప్పుడు అంచులకు అంచులు ఎంత బాగా కుదిరాయో వేలితో తడిమి చూసింది. అంత బాగా ఎవరు పెట్టారు? తొందరపడి పోవాలనుకున్నవాళ్లు అలా పెట్టరు. ఇంట్లో ఒక కుండ తగ్గింది, ఒక బిడ్డ తగ్గింది. దుమ్ము పడకుండా, ఎండ తగలకుండా, పురుగు ముట్టకుండా మూత పెట్టి పోయారు. ఎన్ని తరాలు గడిచినా ఆ మూత కదల్లేదు. మేం వచ్చాం, చదువుకున్నవాళ్లం, టోపీలు పెట్టుకున్నవాళ్లం, మూత తీసి ఎండలో పెట్టాం. తీయడం తప్పని కాదు. తెలుసుకోవాలంటే తీయాలి, అందుకే కదా ఈ చదువు. కానీ తీసినవాడికి ఒక బాధ్యత ఉంటుందా ఉండదా? ఉందని ఎవరు చెప్పారు, ఎవరో ఏంటి, ఈ పెద్దసారే చెప్పాడు క్లాసులో. మట్టిలోంచి తీసిన క్షణం నుంచి అది మీ చేతుల్లో ఉన్న ప్రాణం అనుకోండి, అన్నాడు.  ఆ మాట వినే ఈ చదువులోకి దూకింది. ఇప్పుడు ఆ మాట ఎక్కడ పెట్టుకున్నాడో, కుర్చీల కింద వెతకాలి.

టిక్.

ఆమె పైకి చూసింది, గట్టు మీద నుంచి గులకరాయి జారిందేమోనని. ఏమీ లేదు. పాక దగ్గర నవ్వులు కూడా ఆగిపోయాయి, తిని ఒరిగినట్టున్నారు. మళ్లీ వంగింది. అప్పుడు కనిపించింది. నెత్తి ఎముక మీద, నుదుటి పైన, వెంట్రుకంత గీత. ఇందాక లేదు. కచ్చితంగా లేదు, ఈ నెత్తిని పొద్దుట్నుంచీ చూస్తూ కూర్చుంది, దాని ప్రతి మచ్చా తెలుసు. తడి ఆరుతున్న కొద్దీ గీత విడిపోతోంది. అలవాటున చెయ్యి సీసా మీదకు పోయింది. పోయి, ఆగింది. ఎక్కడో లోపల ఒక పరీక్ష హాలు, ఫ్యాను కింద రెపరెపలాడే కాగితం, తన సొంత దస్తూరి. ఎముకకు ఎండకన్నా హాని చేసేది మరొకటి ఉంది. తడపడం ఆరడం, తడపడం ఆరడం. తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఆరినప్పుడు ముడుచుకుంటుంది, ఆ ఉబ్బడం ముడుచుకోవడంలో లోపల బిగువు పుట్టి చీలిపోతుంది. ఎవరు చెప్పిన పాఠం ఇది? పెద్దసారు. ఎవరు మార్కులు వేశారు? పెద్దసారే, చక్కగా రాశావని పక్కన గీత కూడా గీశాడు. ఆయనకు తెలుసు! తెలియక చెప్పిన మాట కాదు. తెలిసీ గ్లాసు పట్టుకుని నిలబడి తడి ఆరనివ్వకు అన్నాడు. తెలిసీ నేను చిమ్మాను. ఎంత బుద్ధిగా చిమ్మానమ్మా, చంటిదానికి పాలు పట్టినట్టు చిమ్మాను. పొద్దుట్నుంచీ ఎండ చేస్తోందనుకున్నాను, ఎండ ఒక్కటే కాదు, ఈ చెయ్యి కూడా చేసింది. ఆమె సీసాను గుంట మూలకు విసిరింది. అది గోడకు తగిలి మూత ఊడి నీళ్లన్నీ మట్టిలోకి ఇంకిపోయాయి. ఇంకిన మచ్చ కూడా చూస్తుండగానే తెల్లబడిపోయింది.

"పొడుగూ!" అరిచింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఒరేయ్ పొడుగూ!" కాసేపటికి గట్టు మీద వాడి టోపీ, తర్వాత వాడు, నోట్లో ఇంకా ఏదో నములుతూ. "ఏమైందే, పాము గానీ వచ్చిందా?" "పీట పట్టుకురా. రేకు పలక, దూది, కట్టు గుడ్డ, ప్లాస్టరు పిండి, అన్నీ." వాడు నమలడం ఆపాడు. "ఎత్తేస్తావా? ఆయన ఇంకా రాలేదు కదే." "రాకపోతే ఏంటి?" "ఏంటేంటి, పెద్దసారు మనిద్దర్నీ ఆ కుండలోనే కుక్కి మూత పెడతాడు. నేనసలే పట్టను." ఆమె వేలితో బిడ్డ నెత్తి మీద గీత చూపించింది. వాడు మోకాళ్ల మీద వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "అబ్బా" అన్నాడు చివరికి, దెబ్బ తనకు తగిలినట్టు. తర్వాత ఇంకేం అడగకుండా వెళ్లాడు, నడిచి కాదు, పొడుగాటి కాళ్లతో పరుగెత్తి. ఆమె చొక్కా మీద వేసుకున్న పల్చటి గుడ్డ తీసి కుండ మీద గుడారంలా పట్టుకుంది. చేతులు వణుకుతున్నాయి. కోపంతోనే, భయంతో కాదు అనుకుంది. భయం కూడా ఉంది. సీటు, బాబాయి, అమ్మ పాలిపోయిన చేతులు, ఆ చేతులతో కట్టిన ఫీజు, అన్నీ ఆ వణుకులో ఉన్నాయి. ఉండనీ. వణికే చేతులతో కూడా పట్టుకోవచ్చు.

పొడుగు సామాను దించాడు, తనూ దిగాడు. ఎముకల మీద పల్చటి కాగితం పరిచి, ఖాళీల్లో దూది నింపి, కుండ చుట్టూ, విరిగిన చేతికి కట్టు వేసినట్టు, ప్లాస్టరు పిండిలో ముంచిన కట్టు గుడ్డ చుట్టడం మొదలుపెట్టారు. రెండు చుట్లు పడ్డాయో లేదో, పైన చెప్పుల చప్పుడు. పెద్దసారు. చెవి దగ్గర్నుంచి ఫోను అప్పుడే తీస్తున్నాడు, ఇటు సరిగ్గా చూడను కూడా లేదు. "ఆయన ఇవాళ రావడం లేదమ్మా. ఏదో మీటింగట." ఒక్క క్షణం ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. అయితే గొడవే లేదు, ఎత్తేయమంటాడు, తనే చెబుతాడు, ఎవరూ ఎవర్నీ ఎదిరించాల్సిన పని లేదు. "రేపు పొద్దున వస్తారు. అందుకని పైన మట్టి పోసి పూడ్చెయ్యండి. రెండు తట్టలు పొయ్యండి, చదును చెయ్యండి. రేపు మళ్లీ కొత్తగా తీద్దాం."

మళ్లీ కొత్తగా. ఆమె చెయ్యి ఆగలేదు, చుడుతూనే ఉంది. ఒక్కసారి పోయిన బిడ్డను ఎన్నిసార్లు పాతిపెడతారు? ఆ పెద్దమనిషికి ఇవాళ మీటింగు ఉంటే ఇవాళ, రేపు ఉంటే రేపు.

"పూడ్చను సార్."

"ఏంటీ?"

"పూడ్చను. చీలిక వచ్చింది. తట్టెడు మట్టి బరువు పడితే నెత్తి కుంగిపోతుంది. రేపు మళ్లీ తీసి మళ్లీ తడిపితే తీయడానికి ఏమీ మిగలదు. ఎత్తేస్తున్నాం."

ఆ మాట ఎక్కడా ఆగకుండా బయటికి వచ్చేసింది. పెద్దసారు అప్పుడు చూశాడు, కట్టు గుడ్డ, పీట, మోచేతుల దాకా పిండి పూసుకున్న పొడుగు, అన్నీ. "మతిపోయిందా మీకు? ఎవర్నడిగి మొదలుపెట్టారు? ఎండదెబ్బ గానీ తగిలిందా?" "తగిలిందండీ" అన్నాడు పొడుగు తల ఎత్తకుండా, "ఇద్దరికీ ఒకేసారి తగిలింది." "నోర్ముయ్! ఏమ్మా, నీతోనే మాట్లాడుతున్నాను. ఈ తవ్వకం ఎలా నడుస్తోందనుకుంటున్నావు? ఆయన ఫోటో పేపర్లో పడితేనే వచ్చే ఏడు మనకు ఇంకో గుంట. నేనేం నా ఇంటికి పట్టుకుపోతున్నానా? నీకిదంతా అర్థం కాదు. సర్టిఫికెట్ మీద సంతకం ఎవరు పెట్టాలో అదైనా గుర్తుందా?" ఉంది సార్, గుర్తుంది. మీరు చెప్పింది అబద్ధం కూడా కాదు, ఇంకో గుంట కావాలి, అందులో ఇంకో బిడ్డ ఉండొచ్చు, దాన్నీ ఇలాగే ఎండలో పెడతారు. ఆమె ఇదంతా పైకి అనలేదు. రేకు పలకను కుండ కిందికి దూర్చడం మొదలుపెట్టింది. కింద మట్టి గట్టిగా ఉంది, పలక మొరాయిస్తోంది, ఇద్దరి వల్ల కావడం లేదు, ఒకరు కుండను కదలకుండా పట్టాలి, ఒకరు పలకను నెట్టాలి, ఇంకొకరు అవతలి వైపు నుంచి మట్టి తొలవాలి.

అక్క ఎప్పుడు వచ్చిందో గట్టు మీద నిలబడి ఉంది. పెద్దసారు అటు తిరిగాడు. "చూడమ్మా నీ పిల్లల నిర్వాకం! దిగి ఆపు ముందు." అక్క ఆయన ముఖం చూసింది, గుంటలోకి చూసింది. ఆ కళ్లల్లో ఆ బల్ల, బల్ల మీది పుస్తకం, అన్నేళ్లూ కనిపించాయి. తర్వాత చెప్పులు గట్టు మీదే విడిచి దిగింది. దిగి ఎవరినీ ఆపలేదు. కుండకు అవతలి వైపు మోకాళ్ల మీద కూర్చుని, వెదురు పుల్ల తీసుకుని మట్టి తొలవసాగింది. "నీవైపు కొంచెం ఎత్తు ఎలుకా. ఊహు, అంత వద్దు. ఆఁ, అలా" అంది, రోజూ అన్నట్టే. ఆమె తన వైపు కొంచెం ఎత్తింది. అక్క ముఖం వైపు చూడలేదు, చూస్తే చేతులు వదిలేస్తుందేమోనని.

పెద్దసారు గట్టు చివరికి వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని, దిగాలో వద్దో తెలియక అక్కడే నిలబడ్డాడు. పొద్దు అప్పటికి కాస్త వాలింది. ఆయన భారీ మనిషి, ఆయన నీడ గోడ మీదుగా జారి, గుంటలోకి దిగి, కుండ మీద, కాగితం పొర కింది చిన్న నెత్తి మీద నిండుగా పరుచుకుంది. చల్లబడింది. ఆమె మెడ మీద కూడా ఆ చల్లదనం తెలిసింది. పొద్దుట్నుంచీ ఈ గుంటకు ఆయన చేసిన మొదటి ఉపకారం. ఆయన విసుక్కుని వెనక్కి తిరగబోయాడు.

"కదలకండి సార్" అంది ఆమె, పలక మీద నుంచి కళ్లు తిప్పకుండా. "అక్కడే ఉండండి. మేం ఎత్తేదాకా."